పూత తెరుచుకునే చోటు

వెనిగర్ పోసిన గాజు గ్లాసు అడుగున చిన్న పసుపుపచ్చ ఆస్పిరిన్ మాత్ర కదలకుండా కూర్చుంది. అప్పటికి గంటయింది. పక్క గ్లాసులో, అదే వెనిగర్‌లో వేసిన పూత లేని మాత్ర ఎప్పుడో పిండై అడుగున తెల్లగా పరుచుకుంది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా అమ్మాయి ఇంట్లో, వంటింటి గట్టు మీద గ్లాసులు బారుగా పెట్టుకుంది నా మనవరాలు. ఏడో తరగతి. బడిలో సైన్స్ ఫెయిర్‌కి తను ఎంచుకున్న ప్రశ్న: పులుపు పెరిగేకొద్దీ మాత్ర మీది పూత త్వరగా కరుగుతుందా? కరుగుతుందని ముందే ఊహ రాసి పెట్టుకుంది.

"అమ్మమ్మా, ఇది పాడైపోయింది. అస్సలు కరగట్లేదు" అంది, నోట్‌బుక్ మూసేస్తూ.

"పాడవలేదమ్మా. ఆ పూత తన పనే చేస్తోంది. అయితే అది సగం పని. మిగతా సగం నువ్వింకా అడగలేదు" అన్నాను.

ఆ సగం పేరు చెప్పడానికి నాకు ఆ సాయంత్రం సరిపోలేదు. చెప్పాల్సింది నా ఉద్యోగమంత ఉంది. అంతకు ముందరి కథ వెయ్యేళ్లకు పైనే ఉంది.

నేను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఫార్మసీ చదివి 1979లో హైదరాబాద్ బాలానగర్ వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్‌లో చేరాను. బాలానగర్ అంటే అప్పట్లో మందుల వాళ్లకు పుట్టిల్లు. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ సోవియట్ సహకారంతో అక్కడ సింథటిక్ డ్రగ్స్ ప్లాంటు పెట్టింది. అందులో పని నేర్చుకుని బయటికి వచ్చినవాళ్లు చుట్టుపక్కల ఎన్నో కంపెనీలు మొదలుపెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన కల్లం అంజిరెడ్డి గారు కూడా అంతకుముందు ఐడీపీఎల్‌లో పనిచేసినవారే.

మా ల్యాబ్‌కి ఎదురుగా కోటింగ్ సెక్షన్. తలుపు తీస్తే వేడి గాలి, పాకం వాసన. ఏటవాలుగా వంచిన పెద్ద గంగాళాల్లాంటి రాగి పాన్‌లు తిరుగుతుంటే లోపల మాత్రలు ఒకదాని మీద ఒకటి దొర్లేవి. ముందు లక్క ద్రావణంతో సీల్ కోటు వేస్తారు, తర్వాత పోసే పాకంలోని తడి మాత్ర లోపలికి దిగకుండా. ఆ పైన తుమ్మజిగురు కలిపిన పాకం పోసి, టాల్క్ చల్లి, ఆరబెట్టి, మళ్లీ పోసి, మళ్లీ చల్లి మాత్ర అంచులు గుండ్రంగా అయ్యేదాకా ఇదే పని. ఆ తర్వాత నునుపు పూత, రంగు పూత. చివర్లో కాన్వాసు గుడ్డ పరిచిన పాన్‌లో మైనంతో మెరుగు. ఒక బ్యాచ్‌కి మూడు నాలుగు రోజులు పట్టేది. పూత అంతా అయ్యేసరికి కొన్ని మాత్రలు దాదాపు రెట్టింపు బరువెక్కేవి.

పాన్ దగ్గర ఒక పెద్దాయన ఉండేవారు. గరిటెతో పాకం పోసి, చేత్తో ఒకసారి కలిపి, తల కాస్త వంచి వినేవారు. తడి మీదున్న మాత్రలు బరువుగా, బురదలో అడుగు వేసినట్టు చప్పుడు చేస్తాయి. ఆరాక చేటలో కందులు చెరిగినట్టు గలగలమంటాయి. "వినమ్మా, ఇప్పుడు మాట మారింది" అనేవారు. ఆ మాట మారకముందే ఇంకో గరిటె పోస్తే రెండేసి మాత్రలు అతుక్కుపోతాయి. మరీ ఆలస్యం చేస్తే పూత గరుకుతేలుతుంది. ఆ చెవి ఏ పుస్తకం చదివినా రాదు.

చక్కెర పూత పుట్టింది నాలుక కోసం. మా నాయనమ్మ మాత్రని అరటిపండు ముక్కలో దాచి మింగించేది. ఆయుర్వేద వైద్యులు తేనెలో రంగరించి ఇచ్చేవారు. తొమ్మిది, పది శతాబ్దాల నాటి పర్షియా వైద్యుడు అల్ రాజీ మాత్రలకు ఇసబ్‌గోల్ గింజల జిగురు పట్టించాడని వైద్య చరిత్రలు చెబుతాయి. ఆయన తర్వాతివాడైన ఇబ్న్ సీనా వెండి రేకు, బంగారు రేకు చుట్టాడంటారు. స్వీటు మీద వెండి రేకు చూసినప్పుడల్లా నాకు ఆ మాత్రలే గుర్తొస్తాయి. అమెరికాలో ఈ పని వ్యాపారంగా పెరిగింది పంతొమ్మిదో శతాబ్దంలో. ఫిలడెల్ఫియాలో విలియం వార్నర్ 1856లో చక్కెర పూత మాత్రలు తయారుచేయడం మొదలుపెట్టాడు.

పూత అందంగా కుదిరింది గానీ, ఆ కాలపు మాత్రలకు ఒక జబ్బు ఉండేది. పాతబడి గట్టిపడిన మాత్ర కడుపులో తెరుచుకోకుండా అలాగే బయటికి పోయేది. రోగి మందు మింగాననే అనుకుంటాడు, మందు మాత్రం ఒంటికి పట్టదు. మిషిగన్ వైద్యుడు అప్‌జాన్ 1885లో పేటెంట్ తీసుకున్నది సరిగ్గా ఈ జబ్బుకు విరుగుడుగానే. ఆయన మాత్ర బొటనవేలితో నొక్కితే పొడి అయ్యేది. మాత్రను నలుపుతున్న ఆ బొటనవేలే ఆయన కంపెనీ గుర్తయింది. పైకి ఎంత నునుపుగా ఉన్నా చేరాల్సిన చోట విడిపోకపోతే మందు మందే కాదని ఒక వ్యాపార గుర్తు ఊరూరా చెప్పినట్టయింది.

కడుపులో ఏముందో తెలియనిదే ఎక్కడ విడిపోవాలో నిర్ణయించలేం. జీర్ణరసంలో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లమని 1823లో లండన్‌లో విలియం ప్రౌట్ తేల్చాడు. అంతకు ఏడాది ముందే, 1822లో, అమెరికాలోని మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకీ దెబ్బ తగిలి కడుపు దగ్గర రంధ్రం పడింది. గాయం మానినా రంధ్రం పూడలేదు. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ఏళ్ల తరబడి దారానికి ఆహారం కట్టి ఆ రంధ్రంలోంచి లోపలికి దించి, ఇన్ని గంటలకు ఇంత అరిగిందని రాసుకున్నాడు. ఆ పుస్తకం 1833లో వచ్చింది. ఒక మనిషి తన ఒంటిని అంతకాలం ప్రయోగానికి ఇవ్వాల్సి వచ్చిందని తలుచుకుంటే నాకిప్పటికీ మనసు బరువెక్కుతుంది. ఇవాళ మా పిల్ల గాజు గ్లాసులో చూస్తున్నది అప్పుడు బోమాంట్ ఆ మనిషి శరీరంలో చూసిందే.

ఆమ్లం సంగతి తెలిశాక కొత్త కోరిక పుట్టింది. కొన్ని మందులు కడుపు గోడను ఒరుస్తాయి. కొన్నిటిని కడుపులోని ఆమ్లమే చంపేస్తుంది. రెండు రకాలకూ ఉపాయం ఒక్కటే: కడుపులో మూసుకుని ఉండి, చిన్న పేగులోకి దిగాక తెరుచుకునే పూత. 1884లో హాంబర్గ్ చర్మవైద్యుడు పాల్ ఉన్నా మాత్రలకు కెరటిన్ పూత వేశాడు. కెరటిన్ అంటే మన గోళ్లలో, జుట్టులో, జంతువుల కొమ్ముల్లో ఉండే పదార్థం. 1890లలో సలోల్ అనే రసాయనంతో పూతలు వచ్చాయి. ఆమ్లానికి ఎదురు నిలవడం ఇవన్నీ త్వరగానే నేర్చాయి. పేగులోకి దిగాక ప్రతిసారీ, ప్రతి మనిషిలో, వేళకు విడిపోవడం దగ్గరే తడబడ్డాయి.

మన లక్కదీ అదే కథ. తెలుగువాళ్లకు లక్క అంటే ముందు లక్కపిడతలు గుర్తొస్తాయి. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ, రంగు లక్క కడ్డీని ఒత్తి పట్టుకుంటారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. కుసుమ, మోదుగ వంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు స్రవించే ఆ పదార్థమే శుద్ధి అయ్యి మా ఫ్యాక్టరీకి పెచ్చులు పెచ్చులుగా వచ్చేది. ఆల్కహాల్‌లో కరిగించి మాత్రల మీద పోసేవారు. ఆమ్లంలో కరగదు. క్షారం తగిలితే కరుగుతుంది. అయితే పులుపును కొలిచే పీహెచ్ అంకె ఇంచుమించు 7 దాకా వెళ్తే, అంటే పులుపు దాదాపు పోతే తప్ప లొంగదు, చిన్న పేగు మొదట్లో అంత ఉండదు. పైగా లక్కకు వయసు మీద పడుతుంది. నిల్వ ఉన్నకొద్దీ దాని అణువులు తమలో తామే పెనవేసుకుని పూత మొండిదవుతుంది.

ఆ మొండితనం నేను కళ్లారా చూశాను. ప్రతి బ్యాచ్ నుంచి కొన్ని మాత్రలు అలమారలో దాచి, కాలం గడిచాక మళ్లీ పరీక్షిస్తాం. ఒకసారి రెండేళ్లు దాచిన లక్క పూత మాత్రలు తీశాను. మా పరికరంలో అడుగున జల్లెడ ఉన్న ఆరు గాజు గొట్టాలు, ఒక్కో దాంట్లో ఒక్కో మాత్ర. ఒంటి వేడి, అంటే 37 డిగ్రీల ద్రవంలో, నిమిషానికి ముప్పైసార్లు మునిగి లేస్తుంటాయి. ముందు రెండు గంటలు ఆమ్లం. ఆరు మాత్రలూ చెక్కుచెదరలేదు. తర్వాత పేగును పోలిన, పీహెచ్ 6.8 ఉన్న ఫాస్ఫేట్ బఫర్‌లో గంట. గంట తిరిగేసరికి రెండు విచ్చుకున్నాయి. నాలుగు అలాగే మిగిలాయి, లోపలున్న మందుతో సహా.

"ఆమ్లంలో ఆగాయి కదా" అన్నారు పైవారొకరు. ఆయన మాటలో దురుద్దేశం లేదు. పూత అంటే ఆగడమే అని అందరి మనసులోనూ ఉండేది. నేను మాత్రం రిజిస్టర్‌లో నాలుగు అని రాశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ మాత్రలు కొనుక్కుని వేళకు మింగి, గుణం ఎందుకు కనిపించడం లేదో తెలియక ఇంకో డాక్టర్ దగ్గరికి పరిగెత్తే మనిషి ఎవరో నా కళ్ల ముందు తిరిగారు. ఆ బ్యాచ్‌లో మిగిలిన నిల్వ బయటికి వెళ్లకుండా ఆపారు. కొన్నాళ్లకు ఆ మందుకు లక్క మానేసి సెల్యులోజ్ పూతకు మారాం.

ఆ సెల్యులోజ్ పూతకు, ఫ్రీమాంట్‌కు ఒక చుట్టరికం ఉంది. ఫ్రీమాంట్ పుట్టుకతో ఒకే ఊరు కాదు. సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అనే అయిదు ఊళ్లు 1956లో కలిసి ఒకటయ్యాయి. అందులో నైల్స్‌లో ఒకప్పుడు ఎస్సనే సినిమా స్టూడియో ఉండేది. 1915లో చార్లీ చాప్లిన్ "ది ట్రాంప్" తీసింది అక్కడే. ఆదివారం ఆ వీధిలో నడుస్తూ నేను మనవరాలికి చెప్పాను: ఆ రోజుల్లో ఫిల్ము సెల్యులోజ్ నైట్రేట్‌తో చేసేవారు, నిప్పు తగిలితే భగ్గుమనేది. అంత ప్రమాదం లేని ఫిల్ము కోసం కొడాక్ సంస్థ సెల్యులోజ్ అసిటేట్ మీద ఏళ్ల తరబడి పనిచేసింది. ఆ కుటుంబంలోనే సెల్యులోజ్ అసిటేట్ థాలేట్ పుట్టింది. మాత్రల పూతగా దానికి 1940లో పేటెంట్ వచ్చింది. సినిమా ఫిల్మూ, మాత్ర మీది ఫిల్మూ ఒకే ఇంటి బిడ్డలు.

ఈ పూత పని తీరు సబ్బు తయారీ లాంటిది. కొవ్వు ఆమ్లం నీటిలో కరగదు. సోడాతో కలిస్తే లవణమై నీటిలో కలిసిపోతుంది. పూత అణువుల పొడవునా అలాంటి ఆమ్లపు కొసలు ఉంటాయి. కడుపులోని పులుపులో అవి అలాగే ఉంటాయి కాబట్టి పూతలోకి నీరు చొరబడదు. పేగులోకి దిగి పులుపు తగ్గగానే ఆ కొసలు లవణాలవుతాయి, నీటిని లోపలికి రానిస్తాయి, పొర ఉబ్బి విడిపోతుంది. ఏ పీహెచ్ దగ్గర విడిపోవాలో పూత తయారీలోనే నిర్ణయించుకోవచ్చు. ఇప్పటి పూతల్లో కొన్ని 5.5 దాటగానే తెరుచుకుంటాయి, కొన్ని 7 దాకా ఆగుతాయి.

ఈ విద్య విలువ నాకు పూర్తిగా తెలిసింది 1990లలో, హైదరాబాద్‌కు ఒమెప్రజోల్ వచ్చినప్పుడు. కడుపులో ఆమ్లం తగ్గించే మందు అది. డాక్టర్ రెడ్డీస్ వారి ఒమెజ్ పేరుతో తెలుగు ఇళ్లలో మందుల డబ్బా తీస్తే కనిపించేంత పరిచయమైపోయింది. ఆ తెల్లటి పొడి చిటికెడు తీసి ఆమ్లంలో వేస్తే చూస్తుండగానే ఊదారంగు తిరిగి నల్లబడుతుంది. ఏ ఆమ్లాన్ని తగ్గించాలో ఆ ఆమ్లం చేతిలోనే మందు చనిపోతుంది. అందుకే దాన్ని ఆవాలంత గుళికలుగా చేసి, ఒక్కో గుళికకూ ఎంటరిక్ పూత, అంటే పేగులో తెరుచుకునే పూత వేస్తారు. అక్కడా ఒక చిక్కుంది. ఆ పూతలోనూ ఆమ్లపు కొసలున్నాయి కదా, అవి తగిలినా మందు పాడవుతుంది. కాబట్టి మందుకీ కాపలా పూతకీ మధ్య ఇంకో పలుచటి పొర వేయాలి. పాన్ దగ్గరి పెద్దాయన అప్పటికి రిటైరయ్యారు. గుళికలన్నీ గాలిలో తేలుతుంటే పిచికారీతో పూత పడే యంత్రాలు వచ్చేశాయి. మాట మారిందని చెప్పే చెవి పని ఇప్పుడు ఉష్ణోగ్రత మీటర్లు చేస్తున్నాయి.

ఇదంతా విన్నాక మనవరాలు అడిగింది: "మరి పులుపు ఎంతుందో వాళ్లు ఎలా కొలిచేవాళ్లు?" పీహెచ్ అనే కొలతను 1909లో కోపెన్‌హాగెన్‌లో, కార్ల్స్‌బర్గ్ బీరు సంస్థ ల్యాబ్‌లో సోరెన్సెన్ ప్రవేశపెట్టాడని చెప్పాను. దాన్ని సులువుగా కొలిచే మీటరు మాత్రం ఈ కాలిఫోర్నియాలోనే తయారైంది. పండ్ల రైతుల సహకార సంస్థలో పనిచేసే మిత్రుడు నిమ్మరసం పులుపు కొలవడానికి దారి చూపమని అడిగితే, పాసడీనాలో ఆర్నాల్డ్ బెక్‌మన్ 1934లో చేసి ఇచ్చాడు. పెరట్లో నిమ్మచెట్టు ఉన్న ఇంట్లో కూర్చుని ఈ మాట చెబుతుంటే పిల్ల కళ్లు విప్పార్చుకుంది. వెళ్లి చెట్టు కాయే కోసుకొచ్చింది.

అప్పుడు ప్రయోగాన్ని మొదటి నుంచి కట్టాం. నేను చెప్పింది తక్కువ, అడిగింది ఎక్కువ. "వెనిగర్ తర్వాత మాత్ర ఎక్కడికి వెళ్తుంది?" అన్నాను. కాసేపు ఆలోచించి వంటసోడా డబ్బా తెచ్చింది. "సోడాలో తెరుచుకుంటే అది సోడా వల్లనా, మూడు గంటలు నానినందువల్లనా?" అన్నాను. అందుకని మాత్రలను మూడు జట్లు చేసింది. ఒక జట్టు మూడు గంటలూ వెనిగర్‌లోనే ఉంటుంది. రెండోది మొదటి నుంచీ సోడా నీళ్లలో ఉంటుంది. మూడోది రెండు గంటలు వెనిగర్‌లో ఉండి, మంచినీళ్లతో కడిగాక సోడాలోకి వెళ్తుంది. జట్టుకి ఆరు మాత్రలు, మా ఫ్యాక్టరీ లెక్కే. మందపాటి గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి, అందులో గ్లాసులు నిలబెట్టి, థర్మామీటర్ చూస్తూ 37 డిగ్రీల దగ్గర ఉంచింది. గొట్టాల పరికరం బదులు టీ జల్లెడ. పది నిమిషాలకోసారి ఒక నిమిషం పాటు ముప్పైసార్లు ముంచి లేపాలి.

పులుపు చూసే కాగితం తనే చేసుకుంది. కాఫీ ఫిల్టర్‌కు పసుపు నీళ్లు పట్టించి ఆరబెట్టింది. నిమ్మరసంలో ముంచితే పసుపుగానే ఉంది. సోడాలో ముంచితే ఎర్రబారింది. "పెళ్లిలో అమ్మ పాదాలకు రాసిన పారాణి ఇదే. పసుపులో సున్నం కలిపితే వచ్చే ఎరుపు" అన్నాను. అమ్మ పెళ్లి ఆల్బమ్ తెచ్చి, ఆ ఎర్రటి పాదాల పక్కన కాగితం పెట్టి చూసుకుంది.

శనివారం పొద్దున మొదలుపెట్టాం. వెనిగర్‌లో రెండు గంటలూ ఏమీ జరగలేదు. ఈసారి తను విసుక్కోలేదు, ప్రతి పది నిమిషాలకూ "మార్పు లేదు" అని ఓపిగ్గా రాసుకుంది. మూడో జట్టును కడిగి సోడాలోకి మార్చాం. ముందు మాత్రల మెరుపు పోయింది. తర్వాత అంచు మెత్తబడి కాస్త ఉబ్బింది. ఒక మాత్ర నడుం దగ్గర సన్నటి చీలిక పడి, అందులోంచి పూసల దండలా బుడగలు పైకి లేచాయి. "అమ్మమ్మా, ఊపిరి తీస్తోంది!" అని అరిచింది. లోపలి ఆస్పిరిన్ కూడా ఆమ్లమే, సోడా తగిలి గ్యాసు వదులుతోంది. పూత ఏ క్షణంలో తెరుచుకుందో ఆ బుడగలే చెప్పాయి. నలభై ఏళ్లు గొట్టాల ముందు కూర్చున్నదాన్ని, నాకూ ఒళ్లు పులకరించింది.

మధ్యాహ్నం విశ్రాంతిలో కిటికీలోంచి మిషన్ పీక్ కొండ చూస్తూ ఇంకో సంగతి చెప్పాను. ఇక్కడి నుంచి డంబార్టన్ వంతెన దాటితే వచ్చే పాలో ఆల్టోలో 1968లో అలెహాండ్రో జాఫరోనీ ఆల్జా అనే సంస్థ పెట్టాడు. వాళ్ల మాత్ర పూత కరగదు. దాని మీద లేజర్‌తో సన్నటి రంధ్రం చేస్తారు. పూతలోంచి నీరు లోపలికి ఊరి, ఆ ఒత్తిడికి మందు రంధ్రంలోంచి కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. పులుపుతో దానికి పని లేదు. వాళ్లు కూడా ముందు ఆలోచించింది మందు బయటికి వచ్చే దారి గురించే.

సాయంత్రానికి లెక్క తేలింది. మూడో జట్టులో అయిదు మాత్రలు గంటలోపు విచ్చుకున్నాయి. ఆరోది విచ్చుకోలేదు. తను నావైపు చూసి, "దీన్ని వదిలేసి అయిదే రాయనా? గ్రాఫ్ బాగా వస్తుంది" అంది. నేను అలమారలోంచి తీసిన ఆ నాలుగు మాత్రల సంగతి అప్పుడు చెప్పాను. వాటిని మింగి ఉండగల మనిషి గురించి కూడా చెప్పాను. తను ఏమీ అనలేదు. గ్లాసు ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. గంట దాటాక పద్దెనిమిది నిమిషాలకు ఆ మాత్ర పక్క నుంచి ఒక్క బుడగ లేచింది. ఆ సమయం రాసుకుని, నోట్‌బుక్ మొదటి పేజీకి తిప్పి, పాత ప్రశ్న మీద గీత కొట్టింది. దాని కింద కొత్త ప్రశ్న రాసింది: "ఈ పూత ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ తెరుచుకుంటుంది?"